తిట్టు ఎక్కడి నుంచి వచ్చింది?

కులం పేరు తిట్టుగా ఎట్లా మారిందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బడిలో ఆ తిట్టు తినే పెరిగినం. కానీ సాంఘిక సంక్షేమ హాస్టల్లో మేమే ఇంకో తిట్టు నేర్చుకున్నం. నడక మెత్తగా ఉన్నవాణ్ని, తోటి పిల్లగాడి మీద మనసుపడ్డాడని అనుమానం వచ్చినవాణ్ని ‘ఆడంగి’, ‘కొజ్జా’ అన్నం. దీన్ని పిల్లచేష్ట అని వదిలేస్తే చరిత్రను వదిలేసినట్టే.

మగవాడు మగవాడితో కలవడాన్ని మనుస్మృతి 11వ అధ్యాయం కులభ్రష్టుణ్ని చేసే పాపాల్లో చేర్చింది. అంటే ఈ కంచె కూడా కులం వేసిందే. 1860లో తెల్లదొరలు చేసిన శిక్షాస్మృతి 377వ సెక్షన్‌తో దాన్ని నేరం చేసింది. 1871 నేరస్థ తెగల చట్టంలో మొదటి భాగం కొన్ని జాతుల్ని పుట్టుదొంగలుగా ముద్రవేస్తే, రెండో భాగం హిజ్రాలను రిజిస్టర్లకెక్కించింది. 1911లో ఆ చట్టాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికీ వర్తింపజేసినంకనే స్టువర్టుపురంలో ఎరుకలవాళ్ల సెటిల్మెంటు వెలిసింది. నిజాం రాజ్యంలో 1919లో హిజ్రాల మీద విడిగా చట్టమొచ్చింది. 16 ఏళ్లలోపు పిల్లవాడు హిజ్రాల ఇంట ఉంటే వాళ్లకు రెండేళ్ల దాకా జైలు. ఇల్లు తరిమేసిన పిల్లవాడికి నీడనిచ్చినా నేరమే అన్నమాట.

చట్టం పెట్టిన ముద్ర ఇంట్లోకి పరువుగా వస్తది. ‘అరేయ్’ అని పిలిపించుకుని, దొర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ తండ్రి కొడుకుతో ‘మగోడి లెక్క ఉండు’ అంటడు. తల్లి ‘నలుగురు నవ్వుతరు బిడ్డా’ అంటది. అందులో ప్రేమ ఉన్నది, భయమూ ఉన్నది. ఆ భయాన్ని ట్రంకుపెట్టెలో పెట్టుకుని పిల్లవాడు హాస్టల్‌కొస్తడు. అక్కడ నవ్వినవాడికి రక్షణ. నవ్వనివాడిదే రేపటి వంతు. అందుకే మేమూ నవ్వినం. మాతోపాటు పదో తరగతి చదివే ఒకడు ఆ నవ్వు భరించలేక నడుమలోనే పెట్టె సర్దుకుని పోయిండు. రిజిస్టర్లో ‘సొంత కారణాలు’ అని రాసిండ్రు. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు.

ఇష్టపూర్వకమైన సంబంధం నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. నిజాం నాటి చట్టాన్ని 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. లైంగికత మీద వేధించడమూ ర్యాగింగేనని యూజీసీ 2016లోనే నిబంధనల్లో చేర్చింది. బడిపిల్లల కోసం ఎన్‌సీఈఆర్‌టీ 2021లో టీచర్లకు తయారుచేసిన పుస్తకం మాత్రం అభ్యంతరాలు రాగానే వెనక్కి పోయింది. కోర్టులో పోయిన చట్టం హాస్టల్ గదిలో ఇంకా నడుస్తనే ఉన్నది.

కులం తిట్టు మీద కేసులు పెట్టి కొట్లాడుతున్న మనం ఈ తిట్టు దగ్గర నోరు మూసుకుంటే, మనుస్మృతిలో సగమే తగలబెట్టినట్టు. టీచర్లుగా, సంఘాలుగా మన హాస్టళ్ల నుంచే మాట్లాడటం మొదలుపెడదాం. ముందుగా, ఆనాడు నవ్వినవాళ్లం మాట్లాడాలె.