పని నేర్చుకుంటూ జీతం: 1906 ముచ్చట



పోయిన ఎండాకాలం మా హాస్టల్‌ల ముగ్గురికి హైదరాబాద్‌లోని ఒక స్టార్టప్‌లో ఇంటర్న్‌షిప్ వచ్చింది. రెండు నెలలు. పైసలియ్యరు, సర్టిఫికెట్ ఇస్తరు. సెలవుల్లో హాస్టల్ మూసేస్తరు కదా, రూమ్ కిరాయి, తిండి, బస్సు ఖర్చు లెక్కేసుకున్నం. ముగ్గురం పోలేదు. "పని నేర్పితే మళ్ల జీతం కూడా అడుగుతరా?" అని ఫోన్‌ల అన్న మాట మాత్రం మనసుల ఉండిపోయింది. అందుకే ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో వెతికినం.

1906లో అమెరికాలోని సిన్సినాటి యూనివర్సిటీలో మొదలైంది. అక్కడి ఇంజనీరింగ్ ప్రొఫెసర్ హెర్మన్ ష్నైడర్ ఒక సంగతి గమనించిండు. డిగ్రీ తర్వాత బాగా పైకొచ్చినోళ్లలో చాలామంది చదువుకునే రోజుల్లోనే పైసల కోసం ఎక్కడో ఒకచోట పనిచేసినోళ్లే. దాంతో 27 మంది విద్యార్థులతో ప్రయోగం పెట్టిండు. ఇద్దరిద్దరిని జత చేసిండ్రు. ఒకరు ఈ వారం క్లాసుల ఉంటే రెండో మనిషి ఫ్యాక్టరీల. వచ్చే వారం తారుమారు. ఫ్యాక్టరీలో ఆ పని ఆగేది కాదు, వీళ్ల చదువూ ఆగేది కాదు. చేసిన పనికి కూలి ఇచ్చిండ్రు. మా ముగ్గురికి ఇది చదివినంక కొంచెం ధైర్యమొచ్చింది. జీతం అడుగుడు తప్పేం కాదు, అది మొదటి రోజు నుంచే ఉన్నది.

1957లో కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీ కూడా ఈ దారే పట్టింది. ఒక టర్మ్ చదువు, ఒక టర్మ్ జీతంతో పని. స్టార్టప్‌ల సంగతికొస్తే సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ 2002 నుంచి పిల్లల్ని ఏడాదిపాటు సిలికాన్ వ్యాలీ స్టార్టప్‌లకు పంపింది. అట్ల పోయొచ్చినోళ్లే తర్వాత కారౌసెల్ కంపెనీ పెట్టిండ్రు.

మన దేశంల అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. 1973 సవరణతో ఇంజనీరింగ్ గ్రాడ్యుయేట్లను, డిప్లొమా వాళ్లను కలిపిండ్రు. ఆ సవరణలోనే ట్రేడ్ అప్రెంటిస్ సీట్లలో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ రాసిండ్రు. ట్రేడ్లకే సుమా, ఆ రిజర్వేషన్ గ్రాడ్యుయేట్ల దాకా రాలేదు. బీఏ, బీకాం వాళ్లకు తలుపు తెరవడానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది. స్టైపెండ్ తప్పనిసరి. గ్రాడ్యుయేట్లకు ఇచ్చే కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రమే భరిస్తది.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. 2019 రూల్స్ ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే కంపెనీలే అప్రెంటిస్‌లను తప్పక తీసుకోవాలి. నాలుగు నుంచి 29 మంది ఉంటే వాళ్ల ఇష్టం. స్టార్టప్‌లు చాలావరకు అంత చిన్నవే. "ఇంటర్న్" అని పేరు పెడితే ఇంక అడిగేటోడే ఉండడు.

డిగ్రీలోనే అప్రెంటిస్‌షిప్ కలిపిన కోర్సులకు యూజీసీ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. మా కాలేజీల ఆ కోర్సు ఇంకా లేదు. ప్రిన్సిపల్ సార్‌కు దరఖాస్తు రాస్తున్నం. మీ కాలేజీల ఉంటే స్టైపెండ్ ఎంతిస్తున్నరో, ఏ నెల ఇస్తున్నరో గ్రూపుల రాయండి, దరఖాస్తుల ఆ ఉదాహరణ కూడా పెడతం.