ఫోకస్ అంటే పొయ్యి: ఒక లాటిన్ మాట మన ఇంటిదాకా వచ్చిన కథ

మామూలుగా మనం ఇక్కడ రాజుల గురించో, యుద్ధాల గురించో, ఊళ్ళ పేర్ల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి ఒకే ఒక్క మాట గురించి. ఆ మాట ఫోకస్.

ఇదెందుకంటారా? పోయిన నెల మా అమ్మాయి కాలేజీలో పేరెంట్స్ మీటింగుకి వెళ్ళాను. ఇంటర్ రెండో సంవత్సరం. పది నిమిషాల్లో అక్కడి సారు ఈ మాట ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. ఫోకస్ లేదండి, ఫోకస్ పెట్టాలండి, ఫోకస్ తప్పిందండి. ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని, హాల్లో ఉండే ఆమె టేబుల్ని వెనక గదిలోకి జరిపి తలుపు దగ్గరగా వేయడం. రెండో పని, డిక్షనరీ తీయడం. డిక్షనరీ చూశాక మొదటి పని గురించి అనుమానం మొదలైంది. ఆ అనుమానమే ఇవాళ్టి ఎపిసోడ్.

ఫోకస్ లాటిన్ మాట. పాత రోమ్‌లో దాని అర్థం ఏకాగ్రత కాదు, కెమెరా కాదు, కటకం కాదు. పొయ్యి. అవునండీ, ఇంట్లో నిప్పు రాజేసే చోటు. చలికి కాచుకునేది అక్కడే, వండుకునేది అక్కడే, ఇంటి దేవతలకు ఇంత పెట్టి దణ్ణం పెట్టుకునేదీ అక్కడే. రోమన్లు ఒక యుద్ధం ఎంత న్యాయమైనదో చెప్పాలంటే, మన బలిపీఠాల కోసం, మన పొయ్యిల కోసం పోరాడుతున్నాం అనేవాళ్ళు. పొయ్యి అంటే ఇల్లు, ఇల్లంటే పొయ్యి. మనకూ అంతే కదా. పొయ్యిలో పిల్లి లేవలేదు అంటే ఆ ఇంట్లో వంట లేదని, ఆ ఇంటి పరిస్థితి బాలేదని. నిప్పు గురించి చెప్పక్కర్లేదు, పిల్లి గురించి చెబితే చాలు, విన్నవాడికి అర్థమైపోతుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. లాటిన్‌లో నిప్పుకి అసలు మాట ఇగ్నిస్. మన అగ్నికీ దానికీ చుట్టరికం ఉంది, రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవే. కానీ లాటిన్ నుంచి పుట్టిన భాషల్లో మామూలు జనం వాడుకలో ఇగ్నిస్ నిలవలేదు. ఆ స్థానంలోకి పొయ్యి వచ్చి కూర్చుంది. స్పానిష్‌లో నిప్పుని ఫ్వేగో అంటారు, ఇటాలియన్‌లో ఫ్వోకో, పోర్చుగీసులో ఫోగో, ఫ్రెంచిలో ఫో. ఇవన్నీ ఫోకస్ పిల్లలే. మామూలు మనిషి రోజూ చూసే నిప్పు పొయ్యిలోదే కాబట్టి పొయ్యి పేరే నిప్పు పేరయింది.

ఈ కుటుంబంలో మనకు తెలిసిన మాటలు ఇంకా ఉన్నాయి. ఇంధనాన్ని ఫ్యూయల్ అంటాం చూడండి, అది పొయ్యిలోకి కావలసిన కట్టెల నుంచి వచ్చిన మాట. విదేశాల్లో ఉండే మనవాళ్ళు కొనుక్కునే ఫొకాచ్చా రొట్టె, పొయ్యి మీద కాల్చిన రొట్టె. అన్నిటికంటే ఆశ్చర్యం కర్ఫ్యూ. హైదరాబాద్ వాళ్ళకి ఈ మాట చెబితే చాలు, ఎన్నో జ్ఞాపకాలు. అది పాత ఫ్రెంచి మాట. అర్థం, నిప్పు కప్పెయ్యి అని. మధ్యయుగాల యూరప్ ఊళ్ళలో రాత్రి ఒక వేళకి గంట కొట్టేవారు. ఆ గంట వినగానే పొయ్యిలో నిప్పు మీద బూడిద కప్పెయ్యాలి. చెక్క ఇళ్ళు కదా, ఒక ఇంట్లో నిప్పురవ్వ ఎగిరితే వీధి మొత్తం పోయేది. అగ్నిప్రమాదం కోసం పెట్టిన గంట తర్వాత్తర్వాత మనుషుల్ని ఇళ్ళలో ఉంచే ఉత్తర్వు అయింది. అంటే ఫోకస్, కర్ఫ్యూ ఒకే ఇంటి బిడ్డలన్నమాట. ఈ సంగతి తెలిశాక వెనక గది తలుపు వైపు చూస్తే నాకు కొంచెం సిగ్గేసింది.

ప్రభుత్వాలు కూడా ఇళ్ళని పొయ్యిలతోనే లెక్కపెట్టాయి. ఫ్రాన్స్‌లో 1328లో తీసిన లెక్క మనుషులది కాదు, పొయ్యిలది. ఇంగ్లండులో 1662లో పొయ్యిల మీద పన్ను వేశారు. ఒక్కో పొయ్యికి ఏడాదికి 2 షిల్లింగులు. లెక్కకి మనుషులు ఇంట్లోకి వచ్చి చూస్తారు, అది జనానికి మంట. చివరికి 1689లో ఎత్తేశారు.

సరే, పొయ్యి కటకంలోకి ఎలా దూరింది? దానికి ఒక మనిషి కారణం. యోహానెస్ కెప్లర్. ప్రాగ్ నగరంలో రెండో రుడాల్ఫ్ చక్రవర్తి ఆస్థాన గణితజ్ఞుడు. 1604లో ఆయన కాంతి మీద ఒక పెద్ద పుస్తకం వేశాడు. అందులో దీర్ఘవృత్తం, పరావలయం లాంటి వక్రరేఖల గురించి చెబుతూ, వాటిలో ఉండే ఒక ప్రత్యేక బిందువుకి పేరు కావాల్సొచ్చింది. ఆ బిందువుల సంగతి గ్రీకులకు ముందే తెలుసు. క్రీస్తుకు పూర్వమే డయోక్లీస్ అనే ఆయన, పరావలయం ఆకారంలో అద్దం చేస్తే ఎండ ఒకేచోట పడి మండుతుందని రాశాడు. అరబ్బు పండితులు ఈ మండించే అద్దాల మీద ఎంతో పని చేశారు. కానీ ఆ బిందువుకి నలుగురి నోట నిలిచే పేరు లేదు. కెప్లర్ దానికి ఫోకస్ అని పెట్టాడు. కాంతిని దృష్టిలో పెట్టుకుని ఈ పేరు పెడుతున్నానని తనే చెప్పాడు.

ఎందుకో మనం చిన్నప్పుడే చేసి చూశాం. భూతద్దం ఎండలో పట్టుకుని కింద కాగితం పెడతాం. పైకీ కిందకీ జరుపుతాం. వెలుగు చుక్క చిన్నదై చిన్నదై ఒకచోట కాగితం నల్లబడి పొగొస్తుంది. అదిగో పొయ్యి. కెప్లర్ కవిత్వం చెప్పలేదు, కళ్ళకి కనబడేదే చెప్పాడు.

అదే పుస్తకంలో ఇంకో అధ్యాయంలో ఆయన కన్ను గురించి రాశాడు. బయటి దృశ్యం కంటి వెనక తెర మీద తలకిందులుగా పడుతుందని వివరించాడు. అంటే పొయ్యి పేరు వక్రరేఖకి వచ్చిందీ, కన్ను ఎలా చూస్తుందో తెలిసిందీ ఒకే పుస్తకంలో. తర్వాత 1609లో అంగారకుడి దారి గుండ్రం కాదు, దీర్ఘవృత్తం అని తేల్చాడు. దీర్ఘవృత్తానికి ఫోకస్‌లు రెండు. రెండు మేకులు కొట్టి, దారం వదులుగా కట్టి, పెన్సిల్ తిప్పి చూడండి, వచ్చేస్తుంది. ఆ రెంటిలో ఒకచోట సూర్యుడు. రెండోచోట ఏమీ లేదు, ఖాళీ. ఇంటి మధ్యలో పొయ్యిలాగా మన గ్రహాలన్నిటికీ సూర్యుడు.

మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఫోకస్‌ని నాభి అన్నారు. పదో తరగతి పిల్లలు నాభ్యంతరం లెక్కలు చేస్తారు కదా, అదే. నాభి అంటే బొడ్డు, బండిచక్రానికి మధ్యలో ఉండే కుండ కూడా. ఆకులన్నీ వచ్చి కలిసేది అక్కడే. ఋగ్వేదంలో యజ్ఞాన్ని లోకానికి నాభి అన్నారు. అంటే మన దగ్గర కూడా నిప్పు చోటు, నడిమి చోటు ఒకప్పుడు పక్కపక్కనే ఉన్నాయి. మనసు సంగతికి వచ్చేసరికి మాత్రం మనం నాభి అనం, ఏకాగ్రత అంటాం. అగ్రం అంటే కొన. ఒకటే కొన. పొయ్యి చుట్టూ పదిమంది కూర్చోవచ్చు, సూది మొన మీద ఎవరు కూర్చుంటారండీ?

ఇక ఫోకస్ అక్కడితో ఆగలేదు. భూకంపం పుట్టిన లోపలి చోటు ఫోకస్. ఒంట్లో చీము పట్టి రోగం పాకడం మొదలైన చోటు ఫోకస్. 1940ల్లో అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ మెర్టన్, పాల్ లాజర్స్‌ఫెల్డ్ రేడియో కార్యక్రమాలు విన్నవాళ్ళని కూర్చోబెట్టి అడిగే పద్ధతి మొదలుపెట్టారు. ఇవాళ సబ్బుల కంపెనీ నుంచి రాజకీయ పార్టీ దాకా వాడే ఫోకస్ గ్రూప్ అందులోంచే వచ్చింది. పదిమందిని గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించడం, అంటే తెలియకుండానే మళ్ళీ పొయ్యి చుట్టూ చేరారు.

భాషాశాస్త్రంలో కూడా ఫోకస్ ఉంది. వాక్యంలో బరువు దేనిమీద పడుతుందో అది. ఇంగ్లీషు వాడు గొంతు పెంచి చెప్పేది మనం ఒక్క అక్షరంతో చెప్పేస్తాం. నేను అన్నం తిన్నాను. నేనే అన్నం తిన్నాను. నేను అన్నమే తిన్నాను. చూశారా, ఆ చిన్న 'ఏ' ఎక్కడ తగిలిస్తే అక్కడ దీపం వెలుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. పొయ్యి పని ఏంటి? చుట్టూ చేర్చుకోవడం. కటకం పని? ఎక్కడెక్కడి కిరణాల్నో ఒకచోటికి తేవడం. ఇంతవరకూ చేర్చుకోవడమే. కెమెరా వచ్చాక ఇంకోటి తోడైంది. ఒక మొహం స్పష్టంగా రావాలంటే వెనక ఉన్నవాళ్ళు మసకబారతారు. మనం పిల్లల్ని ఫోకస్ చెయ్యమన్నప్పుడు ఈ మూడో అర్థమే అడుగుతున్నాం. మిగతాదంతా మసకబారనీ అని. స్నేహితులు, పాటలు, అమ్మమ్మ కబుర్లు, అన్నీ. కొన్నాళ్ళు అది అవసరమే, నేను కాదనను. పరీక్ష పరీక్షే. కానీ రెండేళ్ళపాటు అన్నీ మసకగా ఉంటే ఆ పిల్ల దేని చుట్టూ తిరగాలి? ఖాళీగా ఉన్న రెండో ఫోకస్ చుట్టూనా?

తిరుమలలో 2000ల మొదట్లో అన్నప్రసాదం వంటకి కావాల్సిన ఆవిరి కోసం ఎండని ఒకచోటికి చేర్చే పెద్ద డిష్‌లు పెట్టారు. నాకు ఆ సంగతి చాలా ఇష్టం. పొయ్యి అద్దంలోకి వెళ్ళి, గణితంలోకి వెళ్ళి, మళ్ళీ వంటింటికే వచ్చింది. కిరణాలు ఒకచోటికి చేరింది వేలమందికి అన్నం ఉడకడానికి.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. పూర్తిగా వినింది. తర్వాత, "నాన్నా, మీటింగులో సారు చెప్పింది నన్నొకసారి అడిగితే బాగుండేది కదా, డిక్షనరీని ఎందుకు అడిగావు?" అంది. నా దగ్గర జవాబు లేదు. లెక్కలు చేసేటప్పుడు వెనక గదే బాగుందట. మిగతావి చదవడానికి మాత్రం వంటింటి గుమ్మం దగ్గరే కూర్చుంటానంది. వాళ్ళమ్మ పోపు పెడుతూ ఉంటే చదివింది గుర్తుంటుందట. టేబుల్ ఇప్పుడు అక్కడే ఉంది. అటూ ఇటూ నడిచేటప్పుడు నాకే కాలికి తగులుతోంది.

మీ ఇంట్లో ఫోకస్ అన్న మాటని ఎవరు, ఎవరితో, ఎప్పుడు అంటారో ఈ వారం ఒకసారి గమనించండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో మాటతో కలుద్దాం. ఉంటానండీ, నమస్కారం.