లంకెకు విలువ కట్టిన కాలం

వెబ్ తొలినాళ్లలో వెతుకులాట ప్రధానంగా మాటల లెక్క మీదే నడిచింది. 1995 డిసెంబరులో వచ్చిన ఆల్టావిస్టా పేజీల్లోని ప్రతి మాటనూ సూచికకెక్కించింది. అడిగిన మాట పేజీలో ఎన్నిసార్లు ఉంది, శీర్షికలో ఉందా అన్నవే అప్పటి ముఖ్య కొలమానాలు. ఈ కిటుకు పట్టినవారు తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో ఒకే మాటను పదేపదే నింపేవారు. చదివేవారికి అది కనబడదు, యంత్రానికి కనబడుతుంది.

దీనికి విరుగుడు గ్రంథాలయ లోకం నుంచి వచ్చింది. ఒక పరిశోధన పత్రాన్ని ఎవరెవరు ఉదహరించారో చూపే సూచికను యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లోనే వెలువరించారు. స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అలాంటి ఆలోచననే వెబ్ లంకెలకు వర్తింపజేసి పేజ్‌ర్యాంక్ రూపొందించారు. ఇందులో లంకెల సంఖ్య ఒక్కటే చాలదు. పదిమంది ఆదరించే పేజీ ఇచ్చిన లంకెకు బరువెక్కువ. అదే పేజీ వంద లంకెలిస్తే ఆ బరువును వందా పంచుకోవాలి. ఊళ్లో పెద్దమనిషి మాటకుండే విలువ లాంటిదే ఇది. 1998లో గూగుల్ ఈ పునాది మీదే మొదలైంది.

లంకెకు విలువ రాగానే దానికో సంత కూడా వెలిసింది. కొనుగోళ్లు, అమ్మకాలు, లంకెల కోసమే పుట్టించిన సైట్లు పెరిగాయి. ఫలానా లంకెను ఓటుగా లెక్కించవద్దని చెప్పే ‘నోఫాలో’ గుర్తు 2005లో వచ్చింది. గూగుల్ లెక్కింపులో నాసిరకం రాతలను వెనక్కి నెట్టిన ‘పాండా’ అనే మార్పు 2011లో, కృత్రిమ లంకెలపై గురిపెట్టిన ‘పెంగ్విన్’ అనే మార్పు 2012లో వచ్చాయి. 2015 నుంచి ఫోనులో పేజీ సరిగా కనబడడమూ గూగుల్ లెక్కలో చేరింది.