మూసీ వరద నివేదికలు, సరూర్‌నగర్ నీళ్లు: పరిశోధన ప్రభావాన్ని కొలవడంలో ఒక చిక్కు

ఒక పరిశోధన ప్రభుత్వ విధానాన్ని మార్చిందనడానికి హైదరాబాదు చరిత్రలో తరచుగా చూపే ఉదాహరణ మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద నివేదిక. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని బలిగొన్నది. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం ఆయనను రప్పించింది. ఆయన సూచనల ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీపై హిమాయత్‌సాగర్ (1927) వెలిశాయి. నివేదికకు, నిర్మాణానికి ఉన్న సంబంధం ఇక్కడ కంటికి కనిపిస్తుంది. అందుచేతనే ఈ ఉదాహరణ మనలను కొంత తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం.

జలాశయాలంత ప్రసిద్ధి పొందని పరిశీలన మరొకటి విశ్వేశ్వరయ్య అధ్యయనంలో ఉంది. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాల వాన కురిసింది, నిజమే. కాని పరీవాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 తెగిపోవడం ఆ వరదను మరింత భయంకరం చేసింది. అనగా నగర భద్రత గొలుసుకట్టు చెరువుల స్థితిపై కూడా ఆధారపడి ఉన్నది. విధానంగా మారినది జలాశయాల భాగం. చెరువుల భాగం అంతగా పట్టింపునకు నోచుకోలేదు.

ఈ భేదం దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో స్పష్టమవుతుంది. జంట జలాశయాలు నగరానికి పడమట, ఎగువన ఉన్నాయి. మీర్‌పేట, బైరామల్‌గూడ వైపు కురిసిన వాన సరూర్‌నగర్ చెరువుకు చేరి, అది నిండిన పిదప చైతన్యపురి మీదుగా దిగువ మూసీలో కలుస్తుంది. ఆ నీటిని ఏ జలాశయమూ ఆపదు. కనుక 1909 నివేదిక విజయాన్ని జలాశయాలతో మాత్రమే కొలిస్తే తూర్పు నగరం ఆ కొలతలోకే రాదు.

2000 ఆగస్టు వరదల అనంతరం మరొక అధ్యయనం జరిగింది. 2003లో కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ రూపొందించిన వాననీటి పారుదల ప్రణాళిక ప్రధానంగా నాటి నగరపాలక సంస్థ పరిధికి ఉద్దేశించినది. దిల్‌సుఖ్‌నగర్‌ను ఆనుకొన్న గడ్డిఅన్నారం, దాని తూర్పున ఎల్.బి.నగర్ అప్పటికి వేరు పురపాలక సంఘాలు. మహానగరపాలక సంస్థలో 2007లో విలీనమయ్యాయి. నీటికి ఈ సరిహద్దులు తెలియవు కదా! నాలాల విస్తరణ సూచనలు ఆక్రమణల తొలగింపు దగ్గర ఆగిపోయాయి.

2020 అక్టోబరు 13న కురిసిన కుండపోతకు సరూర్‌నగర్ దిగువ కాలనీలు మునిగాయి. పాతబస్తీ వైపు పల్లెచెరువు, కొద్ది రోజులకు బాలాపూర్ గుర్రం చెరువు తెగాయి. 1908లో నమోదైన కారణమే చిన్న పరిమాణంలో మళ్ళీ కనిపించినది. 2021లో వ్యూహాత్మక నాలాల అభివృద్ధి కార్యక్రమం మొదలై, సరూర్‌నగర్ చెరువు మిగులు నీటి కాలువ పనులు చేపట్టారు.

ఈ పనులను పాత నివేదికల ప్రభావంగా లెక్కించవచ్చునా? విపత్తు వచ్చిన తరువాతనే కదలిక వచ్చింది గనుక ఆ ఘనతను నివేదికలకు ఇవ్వడం కష్టం. అయితే అవి లేకుంటే ఎక్కడ తవ్వాలో ఇంజనీర్లకు అంత త్వరగా తెలిసేదీ కాదు. ఇక పనుల ఫలితాన్ని ఖర్చుతోనో, కాలువ పొడవుతోనో నిర్ణయించరాదు. వాన తక్కువైన ఏడు వీధి పొడిగా ఉంటే అది కాలువ గొప్పతనం కాదు. ఒకే కాలనీలో కురిసిన వాన, నిలిచిన నీటి లోతు, అది దిగిపోవడానికి పట్టిన గంటలు ప్రతి వర్షాకాలం పక్కపక్కన నమోదు కావాలి. వర్షపాతాన్ని స్వయంచాలిత కేంద్రాలు ఇప్పటికే నమోదు చేస్తున్నాయి. మిగిలిన రెండు అంకెలను వార్డు స్థాయిలో ఎవరు రాస్తారన్నది తేలవలసి ఉంది.