అనంతపురం దారులు, మోటారు సైకిలు ఫోర్కులు

నూనె ఒత్తిడితో కుదుపును అణచే టెలిస్కోపిక్ ఫోర్కును, అనగా ఒక గొట్టంలో మరొకటి జారుతూ ముందు చక్రాన్ని మోసే అమరికను, బి.ఎం.డబ్ల్యు. సంస్థ 1935లో ఆర్-12 బండితో జర్మనీలో ప్రవేశపెట్టగా, ఆ తరహా ఫోర్కు 1955లో మద్రాసులో కూర్పు మొదలైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌తోను, 1960ల ఆరంభంలో మైసూరులో తయారైన జావాతోను రాయలసీమ దారులకు చేరువైంది.

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం సీమలో ఫోర్కుకు గుంతలకంటె దుమ్మే ఎక్కువ చేటు చేస్తుంది. వేరుశనగ చేల బాటల్లో లేచే ఎర్రదుమ్ము, జారే గొట్టం మీది పలుచని నూనె పొరకు అంటుకొని, నూనెను బయటికి రానీయని రబ్బరు కట్టు అయిన ఆయిల్ సీల్ అంచు కిందికి చేరి, రబ్బరును, క్రోమియం పూతను కలిపి అరగదీస్తుంది. పూత మీద గోటికి తగిలేంత గీత పడితే కొత్త సీల్ వేసినా కారడం ఆగదు గనుక, గొట్టాన్ని సానబట్టి మళ్లీ పూత వేయించడమో, బెంగళూరు జె.సి. రోడ్డు అంగళ్ల వంటి చోట్ల నుంచి కొత్తది తెప్పించడమో తప్పదు.

ఫోర్కు నూనె చిక్కదనాన్ని 10, 15, 20 వంటి అంకెలతో సూచిస్తారు. ఎండ 40 డిగ్రీలు దాటే చోట నూనె పలుచబడుతుంది కనుక చిక్కనిదే మేలనిపించినా, మరీ చిక్కనిది ఫోర్కును బిగుసుకునేలా చేసి, వరుస గతుకుల్లో చక్రం నేలను వదిలేలా చేస్తుంది. అందుచేత తయారీదారు సూచించిన రకాన్నే, రెండు కాళ్లలోను ఒకే మట్టానికి కొలిచి నింపడం సరైన పద్ధతి.