బొంకమన్నదెవరు?

నిఘంటువు తెరిస్తే అబద్ధం, అసత్యం, అనృతం, కల్ల, బొంకు, దబ్బర అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. ఒకదానికొకటి అర్థం చెప్పుకుంటాయి. పరీక్షలో పర్యాయపదాలు రాయడానికి ఆ వరుస చాలు. మనుషుల మధ్య ఈ మాటలు ఎలా నడుస్తాయో తెలుసుకోవడానికి మాత్రం చాలదు. ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల కాదు, మా తాత చెప్పిన ఒక సాక్ష్యం వల్ల తెలిసింది.

మాది పుత్తూరు ప్రాంతం. ఒకప్పటి కార్వేటినగరం జమీందారీ సీమ. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో ఉండి, 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిశాక సరిహద్దు మాకు మరీ దగ్గరైంది. తెలుగూ అరవమూ ఒకే అంగట్లో బేరమాడుకునే చోటు అది.

మా అవ్వకు చదువు లేదు గాని మాటల బరువు తెలుసు. పిల్లవాడు బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అంటే "కతలు పడతా ఉండాడు" అనేది. రెండెకరాలుండి పదెకరాలని చెప్పుకునేవాడివి ఎచ్చులు. పొద్దుపోక చెప్పేది సొల్లు. పిల్లలు ఆటలో అనుకునేది ఉత్తుత్తికి. వీటిలో ఒక్కటీ వాస్తవం కాదు. అయినా వీటిని అబద్ధమని ఆమె అనేది కాదు. ఎదుటివాడు నమ్మి చెడిపోతేనే అది ఆమె లెక్కలో అబద్ధం. సొమ్ముకో భూమికో నష్టం వస్తే ముందొక 'దొంగ' వచ్చి చేరేది: దొంగ లెక్క, దొంగ పత్రం, దొంగ సాక్ష్యం.

కల్ల అనే పాత మాటలోనూ ఈ చుట్టరికమే ఉంది. తమిళంలో కళ్ళన్ అన్నా, కన్నడంలో కళ్ళ అన్నా దొంగ. తమిళంలో కళ్ళం అంటే వంచన. తెలుగు కల్ల ఆ కుదురులోదే. అంటే ఈ భాషలను పుట్టించిన శ్రమజీవులు అబద్ధాన్ని దొంగతనం పక్కన కూర్చోబెట్టారన్నమాట.

సంస్కృతం నుంచి వచ్చిన అబద్ధం దారి వేరు. బద్ధం కానిది, కట్టులేనిది, పొందిక లేని మాట అని దాని మొదటి అర్థం. అది తెలుగు వాడుకలో తెలిసి తెలిసి చెప్పే కల్ల అయింది. చిత్రమేమంటే, అదే అబద్ధాన్ని మనం కట్టుకథ అని కూడా అంటాం. విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఊరుగా పేరుబడ్డ పుత్తూరువాణ్ణి గనక నాకీ రెండు మాటలూ కలిసి గుర్తొస్తుంటాయి. చెప్పే మాటలో పొందిక సడలితే అబద్ధం అంటారు. మరీ బిగువుగా కుదిరితే కట్టుకథ అంటారు. పేదవాడి మాట ఈ రెంటిలో ఏదో ఒకదానికి చిక్కుతూనే ఉంటుంది.

మా తాతకు జరిగిందదే. పొలం తగాదాలో ఒక కోర్టుకు సాక్ష్యానికి వెళ్ళాడు. కాగితం మీద తాను వేలిముద్ర వేసిన సంవత్సరం ఆయన ఒకటి చెప్పాడు, కాగితంలో ఇంకొకటి ఉంది. "అయితే నువ్వు చెప్పింది అసత్యమేనా?" అని ఎదుటి వకీలు అడిగాడు. "తప్పు సామీ, అబద్దం కాదు" అన్నాడు తాత. తన మాట అసత్యమని సాక్షి ఒప్పుకున్నట్లు రాసుకున్నారు. పొలం పోయింది. చివరిదాకా ఆయన్ని పొలం కంటే ఆ మాటే ఎక్కువ బాధించింది. "మరిచిపోతిని గాని అబద్దమాడలేదు గదరా నాయనా" అనేవాడు.

చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 1860 నాటి శిక్షాస్మృతి 191వ సెక్షన్ ప్రకారం సాక్షి మాట వాస్తవం కాకపోయినంత మాత్రాన అది తప్పుడు సాక్ష్యం కాదు. అది వాస్తవం కాదని అతనికి తెలిసైనా ఉండాలి, నిజమన్న నమ్మకం లేకుండానైనా చెప్పి ఉండాలి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 227వ సెక్షన్ కూడా ఈ నిర్వచనాన్నే నిలుపుకుంది. తాత మీద ఎవరూ కేసు పెట్టలేదు. కాని చట్టంలో ఉన్న తేడా ఆ వాఙ్మూలంలో లేకుండా పోయింది.

ఇది ఒక్క ఇంటి గోడు కాదు. శిస్తు కోసం తమ వేళ్ళను కిట్టిలో పెట్టి నొక్కుతున్నారని, ఎండలో వంగదీసి కడుతున్నారని మద్రాసు ప్రెసిడెన్సీ రైతులు మొరపెట్టుకుంటే, 1854లో బ్రిటిష్ పార్లమెంటులో ఆ మాట మీద వాదోపవాదాలు నడిచాయి. కమిషన్ వేశారు. హింస జరుగుతున్న మాట వాస్తవమేనని 1855 నివేదిక ఒప్పుకుంది. రైతు ఒంటి మీది దెబ్బ నిజమని తేలడానికి దొరల సంతకాలు కావలసి వచ్చాయి. ఆ 1854లోనే సి.పి. బ్రౌన్ కచేరీల్లో నలిగే అన్యదేశ్యాలకు వేరే మిశ్రభాషా నిఘంటువు ప్రచురించాడు. కచేరీ భాష వేరు, రైతు భాష వేరు అనడానికి ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?

"బొంకరా బొంకరా పోలిగా అంటే, టంగుటూరి మిరియాలు తాటికాయలంత అన్నాడట" అనే సామెత మనందరికీ తెలుసు. పోలిగాడి అతిశయోక్తికి నవ్వుతాం. కాని ముందున్న మాటను గమనించం. పోలిగాడు తనంతట తాను బొంకలేదు. బొంకమని పురమాయించారు. పురమాయించినవాడి పేరు సామెతలో లేదు. 'పోలిగా' అని పిలవగలిగిన స్థానంలో ఉన్నవాడని మాత్రం తెలుస్తుంది. బొంకించినవాడు మరుగున ఉండిపోయాడు, బొంకినవాడు తరతరాలుగా నవ్వులపాలవుతున్నాడు.

వాడుకలో ఈ పక్షపాతం ఇప్పటికీ ఉంది. కూలివాడు మాట మారిస్తే బొంకు, ఆసామి మారిస్తే లౌక్యం. బీదవాడి లెక్క తేడా వస్తే దొంగ లెక్క, పెద్దవాడిది వస్తే పొరపాటు. జరిగిన పని ఒకటే అయినా చేసినవాణ్ణి బట్టి దాని పేరు మారుతున్నది.

కథలు రాసే మనమూ లేనివి కల్పించేవాళ్ళమే. కల్పన అబద్ధం కాదు. అది కల్పనేనని పాఠకుడికి ముందే తెలుసు, దానివల్ల ఎవరి పొలమూ పోదు. కాని పేదవాడి తప్పును అబద్ధమనీ, పెద్దవాడి అబద్ధాన్ని లౌక్యమనీ మన కథలో రాస్తే మాత్రం, మనం చెప్పేది అవ్వ భాషలో దొంగ సాక్ష్యమే అవుతుంది.