దేవుడు లేని సైతాను

దేవుని నమ్మనివాడు సైతానును నమ్ముట ఎట్లు? నిరీశ్వర సైతానువాదమను మాట వినగానే మనకు కలుగు మొదటి సందేహమిది. నిజమునకు అతడు సైతానును నమ్మడు. సైతాను అతనికి కొలువదగిన భూతము కాదు. తలవంచని మనస్సునకు సంకేతము. ఆ పేరునకు ఈ అర్థము ఏర్పడుటకు మూడు శతాబ్దములు పట్టినది. ఆ మార్పు చాలవరకు కవుల చేతిలోనే జరిగినది.

హీబ్రూ భాషలో ఈ పదమునకు ప్రతిపక్షి, అభియోక్త అని అర్థము. యోబు గ్రంథములో అతడు దేవుని సభలోనే నిలిచి మానవుని భక్తిని శంకించును. 1667లో వెలువడిన ‘ప్యారడైజ్ లాస్ట్’ కావ్యములో మిల్టను అతనికి గంభీరమైన వాక్కును, ఓటమిలోను చెదరని ధైర్యమును ఇచ్చెను. మిల్టను దైవభక్తుడే, అయినను 1649లో ఇంగ్లండు రాజునకు మరణశిక్ష విధించుటను సమర్థించినవాడు. అతడు తెలియకయే సైతాను పక్షము వహించెనని తరువాతి తరమున బ్లేకు భావించెను. నాస్తికతను గూర్చిన కరపత్రము మూలమున 1811లో ఆక్స్‌ఫర్డునుండి బహిష్కృతుడైన షెల్లీయు, 1821లో ‘కెయిన్’ నాటకమును ప్రకటించిన బైరనును ఆ దారినే నడచిరి. 1863లో ఇటలీ కవి కార్దుచ్చి సైతానును స్తుతించుచు గీతము వ్రాసెను. అందలి సైతాను వివేకమునకు, విజ్ఞానమునకు, ఆవిరి యంత్రమునకు ప్రతీక. ఆ కవికే 1906లో నోబెల్ బహుమానము లభించెను.

మనదేశమునను దీనికి పోలికలు కలవు. ఛాందోగ్యోపనిషత్తులో దేహమే ఆత్మయను బోధ విరోచనుడను అసురుని పేర నున్నది. లోకాయతుల వాదమును మనము అధికముగా వారి ప్రత్యర్థుల గ్రంథములనుండియే ఎరుగుదుము. మిల్టనును అభిమానించిన మైకేల్ మధుసూదన దత్తు 1861లో ‘మేఘనాద వధ కావ్యము’న రాక్షసపక్షమునకు వీరత్వమును, పుత్రశోకమును ఇచ్చెను.

1966లో సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఆంటన్ లావే ‘సైతాను చర్చి’ని స్థాపించి, ఈ కావ్యసంకేతమును జీవితదర్శనముగా మార్చెను. 1969 నాటి అతని ‘సైతాను బైబిలు’ పరలోకమును త్రోసిపుచ్చి, ఇహమును, దేహమును, స్వీయవివేకమును ప్రశంసించినది. కాని బలవంతునిదే న్యాయమను కర్కశవాదమునకును అందు చోటు దొరికినది. 2013లో అమెరికాలోనే పుట్టిన ‘సైతాను దేవాలయము’ అను మరియొక సంస్థ ఏడు సూత్రములను ప్రకటించినది. వానిలో మొదటిది సమస్త ప్రాణులయెడ వివేకముతో కూడిన కరుణ. ఆ సంస్థకు సేలం పట్టణము కేంద్రము.

సేలం పేరు ఊరకనే గుర్తుంచుకొనదగినది కాదు. 1692లో అచ్చటి విచారణలలో సైతానుతో పొత్తు కలదని 19 మందిని ఉరితీసిరి. ఆ నేరము ఒక్కరియెడను నిజము కాదు. 1980లలో కాలిఫోర్నియాలో ఒక శిశుపాఠశాలవారిపై, సైతాను పూజల వదంతుల నడుమ, ఏండ్లతరబడి నడచిన వ్యాజ్యము 1990లో ఎవరికిని శిక్షలేకయే ముగిసెను. శత్రువులు వేసిన ముద్రను తానే ధరించినవానికి దాని భయము తగ్గునన్న మాట నిజమే. కాని పేరు ధరించినంతమాత్రమున నీతి కుదురదు. లావే గ్రంథమునకును, సేలం సూత్రములకును సంకేతము ఒక్కటే. బలహీనునియెడ నడువవలసిన తీరులో మాత్రము అవి వేరు. పైవాని యెదుట తలవంచనివాడు క్రిందివానిని ఎట్లు చూచుచున్నాడో విచారించిన పిమ్మటనే అతని దర్శనమునకు వెల కట్టవలెను.